డబల్ టైర్ బండికి కావలసిన బరువు

మధ్యాహ్నం మూడూ పదికి మా ఆయన అన్నం తిని లేచి, పళ్లెం చేతిలో పట్టుకొని, "ఇది యాడ పెట్టాల?" అని అడిగాడు.

ఆ ఇల్లు ఆయనదే. పెనుకొండలో ఆయన పుట్టిన ఇల్లు. కొండ నీడ సాయంత్రం మా వీధి మీదికి వచ్చే వేళకు ఇంటి వెనక తొట్టి దగ్గర కూర్చొని గిన్నెలు కడగడం మేము మొదలుపెట్టి ఏడాది దాటింది. అంతకు ముందు ఇంటి ముందర కడిగేవాళ్లం. మారిన సంగతి ఆయనకు తెలియదు. ఆయన లారీ డ్రైవరు. హిందూపురంలో చింతపండో మిరపకాయలో ఎక్కించుకొని మద్రాసుకు పోయేవాడు. అక్కడ దింపి, ఇంకేదో ఎక్కించుకొని ఇంకో ఊరికి పోయేవాడు. ఇంటికి వచ్చినప్పుడు సగం సేపు నిద్రలోనే గడిచేది. నేను దగ్గరి పల్లెలో బడి టీచరును. ఆదివారం, ఆయన వచ్చిన రోజు ఒకటే కావడం అరుదు.

తొట్టి చూపించాను. పళ్లెం కడిగి బోర్లించి వచ్చి, తువ్వాలు కోసం అటూ ఇటూ చూసి, కనపడక చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. గడప మీద కూర్చొని అన్నాడు: "సొంత బండి కొందామనుకుంటాండా."

ఆయన పోయి మూడేళ్లయింది. ఎవరైనా ఆయన గురించి అడిగితే మంచి మనిషి అని చెప్పి ఊరుకుంటాను. అది అబద్ధం కాదు. కానీ ఆ మాట ఎవరి గురించైనా చెప్పవచ్చు. ఆయన ఎట్లా ఉండేవాడో చెప్పాలంటే బండి కొన్న ఆ వారం గురించి చెప్పాలి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త అది. మా చుట్టుపక్కల పల్లెల్లో బోర్ల కింద మల్బరీ తోటలు వేసి పట్టుపురుగులు పెంచేవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. ఎర్రమంచి వైపు ఇంకా ఎక్కువ. పురుగులు కట్టిన గూళ్లను హిందూపురం గూళ్ల మార్కెట్టుకు తీసుకుపోయి వేలంలో అమ్మాలి. తీసుకుపోవడానికి వాళ్లకు సరైన బండి లేదు. బస్సు టాపు మీద కొందరు, ఆటోల్లో కొందరు, దావన పోయే ఏ బండి దొరికితే అందులో కొందరు పోయేవాళ్లు. గూళ్లు ఎక్కువ రోజులు ఆగవు. లోపలి పురుగు సీతాకోకచిలుకగా మారి గూడు తొలుచుకొని బయటికి వస్తే దారం పనికిరాదు. కాబట్టి బండి దొరకని రోజు రైతు మొహం చూడలేము.

మా ఆయన ఇది కనిపెట్టినాడు. ఒక పికప్ కొని, పొద్దున్నే గూళ్లు ఎక్కించుకొని హిందూపురం పోవడం, వేలం అయినాక తిరుగు లోడు వేసుకొని రావడం. గూళ్లు లేని రోజుల్లో చెనిక్కాయలు, ఎరువు మూటలు, ఇంటి సామాన్లు, ఏవి దొరికితే అవి.

"అప్పుడు రోజూ రాత్రికి ఇంటికి వస్తావా?" అని అడిగాను.

"రాక యాడికి పోతా?"

ఆ జవాబుకు ఆయన ఎద్దుల బండి కొన్నా నేను ఒప్పుకునేదాన్ని.

తగాదా వచ్చింది ఏ బండి అన్న దగ్గర. అప్పట్లో దొరికే పికప్పులు రెండు రకాలు. ఒకటి చిన్నది, వెనక ఒక్కో పక్క ఒక్కో టైరు ఉండేది. ఇంకోటి డబల్ టైరు, అంటే వెనక ఒక్కో పక్క రెండేసి టైర్లు జతగా ఉండేది. అది చిన్న లారీ లాంటిది. చిన్నది షోరూములో కొత్తగా వస్తుంది. డబల్ టైరుది హిందూపురంలో ఒక చింతపండు వ్యాపారి దగ్గర ఉంది. ఆయన పెద్ద లారీ తీసుకుంటూ దీన్ని అమ్మకానికి పెట్టినాడు. మా ఆయన దాన్ని చూసి వచ్చినాడు. చూసి వచ్చిన రోజు నుంచి ఆయన నోట్లో ఇంకో బండి మాట లేదు.

"ఒక టైరు పంచరయితే ఇంకోటి ఉంటాది. మూటలు ఎత్తుగా వేసినా గాలికి ఊగదు. చిన్నది ఒంటికాలి మీద నిలబడినట్టే గదా."

నేను డీజిలు గురించి మాట్లాడినాను. రెండు టైర్లు ఎక్కువ కొనాలని అన్నాను. గూళ్లకు మెత్తటి బండి కావాలని, చిన్నది మెత్తగా పోతుందని కూడా అన్నాను. అన్నీ నిజమే. కానీ నాకు కావలసింది వేరే. చిన్న బండి బరువు మోయలేదు కాబట్టి దూరం పోదు. డబల్ టైరు బండి ఎంత దూరమైనా పోతుంది. ఆ వ్యాపారి మా ఆయనతో, "ఈ బండి పెనుకొండలో తిరిగేది కాదప్పా. దీనికి మద్రాసు కూడా పక్క వీధే" అన్నాడంట. మా ఆయన ఇంటికి వచ్చి ఆ మాట నాకు నవ్వుతూ చెప్పినాడు. నేను నవ్వలేదు. లారీ పోయి, దాని స్థానంలో సొంత లారీ వస్తోందని అనుకున్నాను.

ఎవరి మాటా నెగ్గలేదు. మా అత్తను అడిగితే, "తోలేవాడు వాడు, అన్నం పెట్టేదానివి నువ్వు, మధ్యలో నేనెందుకు?" అని తప్పించుకుంది. చివరికి ఇద్దరం ధర్మవరం పోయి మా నాయన ముందర పెట్టినాము.

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. పుట్టింది మాత్రం తాడిమర్రిలో, సేద్యం చేసే ఇంట్లో. పెళ్లయినాక మగ్గం నేర్చుకున్నాడు. చాలా భారీ మనిషి. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే మళ్లీ లేపడానికి ఇద్దరు కావాలని మా అమ్మ ఎగతాళి చేసేది. మేము మా కథంతా చెప్పేదాకా ఆయన మగ్గం ఆపలేదు. అంచు దగ్గర పోగు తెగితే అప్పుడు ఆపి, దాన్ని ముడి వేస్తూ అల్లుణ్ణి అడిగాడు.

"ఆ లోపలి టైరు బయటికి కనపడదు గదా. దాంట్లో గాలి ఉండాదో లేదో ఎట్ల తెలుస్తాది?"

ఇనప కడ్డీతో కొట్టి, శబ్దాన్ని బట్టి తెలుసుకుంటామని మా ఆయన చెప్పినాడు. ఆ జవాబు మా నాయనకు బాగా నచ్చింది. మళ్లీ కాసేపు నేసినాడు. తర్వాత తీర్పు చెప్పినాడు.

"ఎద్దుల్ని కొనేటప్పుడు ఏం చేస్తారు? ఒక రోజుకు అడిగి తెచ్చుకుంటారు. మన బండికి కట్టి, మన మూటలు వేసి, మన దావన తోలుతారు. లాగితే కొంటారు, లాగకుంటే పగ్గం తిరిగి ఇచ్చేస్తారు. దీన్నీ అట్లే చూడండి. ఈడ కూర్చొని మాట్లాడితే బండి తెలుస్తాదా?"

ఇంకో మాట కూడా అన్నాడు. తనూ వస్తానని. పెళ్లయినప్పటి నుంచి పట్టు చేతిలోనే ఉంది గానీ, గూడు ఎట్లుంటుందో కుప్పగా ఎప్పుడూ చూడలేదంట. మా అమ్మ లోపలి నుంచి, "పో, పో. నువ్వు పోతే ఆ బండి మోస్తాదో లేదో కూడా తేలిపోతాది" అంది. అది ఎగతాళికే అంది. అంత నిజమవుతుందని ఎవరూ అనుకోలేదు.

వ్యాపారి ఒప్పుకున్నాడు. ఒక మార్కెట్టు రోజుకు బండి ఇస్తానన్నాడు. ఆ సాయంత్రం తన గోడౌను దగ్గరికి తెచ్చి, తీసుకుంటామనో వద్దనో చెప్పి పోవాలి.

ఆ రోజు తెల్లవారుతుండగా మా వీధి చివర బండి నిలబెట్టినాము. మా నాయన ముందు రోజే వచ్చి మా ఇంట్లో పడుకున్నాడు. లేచీ లేవగానే కడ్డీ తీసుకొని టైర్లన్నీ వరసగా కొట్టి, చెవి పెట్టి విని, అన్నీ బాగున్నాయని చెప్పినాడు. ఏది బాగుంటే ఏ శబ్దం వస్తుందో ఆయనకు తెలియదు. మా ఆయన, "అట్లే మామా" అని, ఆయన అటు తిరిగినాక మళ్లీ కొట్టి చూసుకున్నాడు.

రైతులు వచ్చినారు. అందరిలోకి ముందు వచ్చింది ఎర్రమంచి వైపు నుంచి ఒక ముసలాయన, ఆయన పెళ్లాం. గూళ్లను పలచటి గోతాల్లో వదులుగా నింపుతారు. గట్టిగా కూరితే నలిగిపోతాయి. మనిషంత ఎత్తు గోతాన్ని ఆమె ఒక్క చేత్తో ఎత్తి పైకి అందించింది. అన్నీ ఎక్కించినాక, ముందు కొంచెం దూరం పోయి చూద్దామని మా ఆయన బండిని వీధి చివరి నుంచి బస్సుల దావ దాకా తోలి వెనక్కి తెచ్చినాడు.

గోతాలు ఎగిరినాయి. గుంత కనపడితే ఎగిరినాయి, గుంత లేకున్నా ఎగిరినాయి. ఆ బండి కింది కమాన్లు, అంటే స్ప్రింగు పట్టీలు, టన్నుల బరువుకు చేసినవి. గూళ్లు వాటికి బరువే కాదు. ఖాళీ బండి ఎట్లా దుముకుతుందో అట్లే దుమికింది.

"కోడిపిల్లల్ని గంపలో వేసి ఆడించినట్టుండాది కదరా" అంది మా అత్త.

ముసలాయన పైకెక్కి తన గోతాలు దింపడం మొదలుపెట్టినాడు. గూడు అదిరితే లోపల పురుగు చితికి, దాని రసం గూటికి మరకవుతుంది. ఒక్క మరక గూడు కనపడినా వేలంలో రేటు పడిపోతుంది. "నీ బండి మంచిదేప్పా. నా గూళ్లకు కాదు. బస్సులో పోతాలే" అన్నాడు.

నేను అరుగు మీద నిలబడి చూస్తున్నాను. నేను చెప్పిందే జరిగింది. మా ఆయన నా వైపు చూడలేదు.

"బరువు వేస్తే కుదురుగా పోతాది" అన్నాడు రైతులతో. ఇసుక మూటలు వేస్తానన్నాడు. ఇసుక రాలుతుంది, గూళ్లకు దుమ్ము పడుతుంది, వద్దన్నారు. రాళ్లు వేస్తానన్నాడు. రాళ్లు దొర్లి గోతాల మీదికి వస్తాయన్నారు. వ్యాపారి చింతపండు మూటలు దగ్గరి పల్లెలో ఉన్నాయి, ఎట్లాగూ హిందూపురం తేవాల, అవి కింద వేస్తానన్నాడు.

ముసలాయన పెళ్లాం నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "చింతపండు మీద గూళ్లా? పురుగులు మేస్తున్నన్ని రోజులు నేను ఇంట్లో తాళింపు కూడా పెట్టను. ఆ వాసనకు అవి మేత ముట్టవు. ఇన్ని రోజులు సప్పిడి తిని పెంచి, ఈ పొద్దు పులుపులో పండబెడతానా?"

తర్వాత ఆమే అంది. "మనుషులు ఎక్కితే బరువు కాదా?"

అందరూ ఒక్కసారిగా మా నాయన వైపు తిరిగినారు.

ఆయన కడ్డీ పట్టుకొని వెనక టైర్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. "నన్నెందుకు చూస్తారు?" అన్నాడు.

"మామా, పైకెక్కు. సరిగ్గా టైర్ల మీదికి రా. ఇంకా ఎడమకు. ఆడ కూర్చో."

"ఏమప్పా, నన్ను మూట కింద లెక్కేసినావా?"

"మూటయితే ఇంత మాట్లాడదు మామా."

ఆ మాటకు వీధి నవ్వింది. నవ్వు విని ఇండ్లలోంచి జనం బయటికి వచ్చినారు. సంగతి తెలిశాక ఎవరి కారణాలు వాళ్లకు పుట్టినాయి. ఒకామెకు హిందూపురంలో చెల్లెల్ని చూడాల్సి ఉంది. ఒకాయన పన్ను పీకించుకోవాలి. టైలరు దారపు ఉండలు కొనాలి. ఇంకొందరికి ఏ పనీ లేదు, చెప్పనూ లేదు, ఎక్కినారు. మా ఆయన కింద నిలబడి లారీకి లోడు సర్దినట్టే వాళ్లను సర్దినాడు. భారీ మనుషులు ఇరుసు మీదికి, సన్నటివాళ్లు ముందుకు, మధ్యలో గోతాలు. "నువ్వు పెండ్లి ముందు ఇంత లేవు, బాగా తిన్నట్టుండావు, వెనక్కి పో" అని టైలరుతో అన్నాడు. టైలరు సంతోషంగా వెనక్కి పోయినాడు. ఆ రోజు లావుగా ఉండటం గౌరవమయింది.

మా అత్త కూడా చీర దోపుకొని ఎక్కబోయింది. మా ఆయన వద్దన్నాడు. ఆమె ఎక్కినా ఒకటే దిగినా ఒకటే అన్నాడు.

"నా బరువు పనికిరాదా? నిన్ను కడుపులో మోసినప్పుడు పనికొచ్చినా గదరా" అని ఆమె నేరుగా వచ్చి క్యాబిన్లో కూర్చుంది. ఆమె పక్కన నేను కూర్చున్నాను. బడికి సెలవు పెట్టినాను.

మళ్లీ బస్సుల దావ దాకా తోలి చూసినాము. గోతాలు కదల్లేదు. ముసలాయన తన గోతాలు తిరిగి ఎక్కించి, వాటిని ఆనుకొని కూర్చున్నాడు.

సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదని మాకు తెలుసు. అప్పట్లో అందరూ ఎక్కేవాళ్లు. అందుకని అది సరైన పని అనను.

సోమందేపల్లి దాకా వెనక నుంచి మాటలు, నవ్వులు, మధ్య మధ్యలో క్యాబిన్ టాపు మీద దెబ్బలు. గుంత వచ్చినప్పుడల్లా, "లోడు పదిలం" అని ఎవరో అరవడం, మిగతావాళ్లు టాపు మీద కొట్టడం. మా ఆయన స్టీరింగు ముందుకు వంగి కూర్చొని, ఎక్కడ బ్రేకు వేయాలో ముందే చూసుకుంటూ తోలినాడు. ఆయన తోలుతుంటే పక్కన కూర్చోవడం నాకు అదే మొదటిసారి. అన్ని ఏళ్లు డ్రైవరు పెళ్లాన్నే గానీ, ఆయన పని చేస్తుండగా చూడలేదు. గేరు మార్చేటప్పుడు కింది పెదవి కొంచెం ముందుకు పెడతాడని ఆ రోజు తెలిసింది.

సోమందేపల్లిలో టీకి ఆపినాము. గూళ్లవాళ్లు దిగలేదు. వాళ్లు గూళ్లను వదిలి ఎక్కడికీ పోరు. వాళ్లకు టీ పైకి అందించినాము. మిగతావాళ్లు దిగి తాగి ఎక్కినారు. బండి కదిలింది. టాపు మీద దెబ్బలు మొదలయినాయి, అరుపులు కూడా. మేము నవ్వుకున్నాము.

ఊరు దాటి కొంచెం దూరం పోయినాము. మా ఆయన యాక్సిలరేటరు మీది నుంచి కాలు తీసినాడు. బండి నిదానమయింది.

"ఏమయింది?" అన్నాను.

"బండి తేలికయింది."

అందరూ ఎక్కినారని, నేను చూసినానని చెప్పినాను. ఆయన తల అడ్డంగా ఊపినాడు. ఇంకో గుంత రానిచ్చి, దాని మీద బండిని పోనిచ్చి, వెనక భాగం లేచి పడటం విన్నాడు.

"మామ లేడు" అన్నాడు.

ఆపి దిగి చూస్తే నిజమే. వెనకవాళ్లు అప్పటిదాకా గొంతులు పోయేలా అరుస్తున్నారు. మేము దాన్ని ఆటనుకున్నాము. మా నాయన టీ తాగినాక ఉడికిన చెనిక్కాయలు కొందామని అంగడి పక్కకు పోయినాడంట. ఆయన లేని చోట గోతాలు కొంచెం జారినాయి. ముసలాయన పెళ్లాం రెండు చేతులూ చాపి వాటిని కౌగిలించుకొని కూర్చొని ఉంది. "తిప్పప్పా బండి, తిప్పు. ఆయన లేకుంటే నా గూళ్లు నిలబడవు" అంది.

వెనక్కి పోయినాము. మా నాయన టీ అంగడి ముందర బల్ల మీద కూర్చొని చెనిక్కాయలు ఒలుచుకొని తింటున్నాడు. కంగారు ఏమీ లేదు. బండి ఆగగానే లేచి, పొట్టు దులుపుకొని వచ్చినాడు.

"తెలిసొచ్చిందా, నేను లేకుంటే బండి నడవదని?"

"నడుస్తాది మామా. దుముకుతాది" అన్నాడు మా ఆయన. అని, ఆయన ఎక్కడానికి చెయ్యి అందించినాడు.

మళ్లీ బయలుదేరినాము. హిందూపురం దగ్గరికి వస్తుండగా, దావ మీది నుంచి చూపు తిప్పకుండా మా ఆయన అన్నాడు. "లారీలో వెనక ఏముండాదో నాకు ఎప్పుడూ తెలీలే. పట్ట కప్పేది, తోలేది. చింతపండయినా ఒకటే, ఇటికలయినా ఒకటే." మా అత్త నిద్రపోతోంది. ఆయన జవాబు కోసం అనలేదు.

గూళ్ల మార్కెట్టు పెద్ద రేకుల షెడ్డు. గూళ్లను వెడల్పాటి తట్టల్లో పోసి వరసగా పెడతారు. దారం తీసే రీలర్లు ఆ వరసల మధ్య తిరుగుతూ చూస్తారు. గుప్పెడు తీసి మరకలు వెతుకుతారు. ఒక గూడు చెవి దగ్గర పెట్టుకొని ఆడిస్తారు. పురుగు ముదిరి గట్టిగా ఉంటే లోపల టకటకమంటుంది. అనుమానం వస్తే బ్లేడుతో గూడు కోసి చూస్తారు.

మా నాయన మొదటి తట్ట దగ్గరే ఆగిపోయినాడు. ముసలాయనను అడిగి, గూళ్లలో చెయ్యి పెట్టినాడు. మోచేతి దాకా పోయింది. ఆ చెయ్యి అట్లే ఉంచి చాలాసేపు నిలబడినాడు. తర్వాత ఒక గూడు చెవి దగ్గర పెట్టుకొని ఆడించి, నా చెవి దగ్గర కూడా ఆడించినాడు. "ఉండాడు లోపల" అన్నాడు. చిన్నపిల్లవాడి మాదిరి నవ్వినాడు. మా నాయన అట్లా నవ్వడం నేను అంతకు ముందు చూసినట్టు గుర్తులేదు.

మా ఆయన ఆ వైపు రాలేదు. షెడ్డు స్తంభానికి ఆనుకొని, రీలర్లు ముసలాయన తట్టల దగ్గరికి పోవడం దూరం నుంచి చూస్తున్నాడు. ఒక రీలరు గుప్పెడు తీసినాడు. ఇంకో గుప్పెడు తీసినాడు. ఒక గూడు కోసినాడు. లోపలి పురుగు శుభ్రంగా, గోధుమ రంగులో, చిన్నగా కదులుతోంది. ఆయన దాన్ని పక్కన పెట్టి, పక్క తట్టకు పోయి మళ్లీ కోసినాడు. అదీ అంతే. ముసలాయన పెళ్లాం తల ఎత్తి, షెడ్డు అవతల స్తంభం దగ్గర ఉన్న మా ఆయనను వెతికి, చెయ్యి ఊపింది. మరక లేదు.

సాయంత్రం వ్యాపారి గోడౌను ముందర బండి ఆపినాము. తిరుగు ప్రయాణానికి అందరూ ఎక్కి కూర్చొనే ఉన్నారు. పన్ను పీకించుకున్నాయన దవడకు గుడ్డ కట్టుకున్నాడు. టైలరు దారపు ఉండలు ఒళ్లో పెట్టుకున్నాడు. గోడౌను లోపల నుంచి చింతపండు వాసన వస్తోంది. వ్యాపారి బయటికి వచ్చి, బండి నిండా జనాన్ని చూసి ఆశ్చర్యపోయి, పెండ్లికి పోయి వస్తున్నారా అని అడిగినాడు.

బండి ఎట్లుందని మా ఆయనను అడిగినాడు. బాగుందన్నాడు. అయితే ఇంకేమి, రేపే మద్రాసుకు ఒక లోడు తయారుగా ఉండాది, వేరేవాళ్లకు చెప్పలేదు, నీ కోసమే ఆపినాను, దుడ్లు కూడా లారీ కంటే బాగా వస్తాయి, అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కొన్న మొదటి రోజే పని దొరకడం ఏ డ్రైవరుకైనా సంతోషమే.

మా ఆయన చేతిలో తాళం ఉంది. నా వైపు చూసినాడు. ఆ వారంలో మొదటిసారి నేను అసలు మాట అన్నాను.

"ఏ బండయినా నీ ఇష్టం. యాడి దాకా పోతావో అది చెప్పి కొను."

ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగినాడు. వెనక టైర్ల దగ్గర నిలబడి, పైన కూర్చున్నవాళ్లను చూసినాడు. ఏదో జరుగుతోందని వాళ్లకూ తెలిసింది. ముసలాయన పెళ్లాం పైనుంచి వంగి, "తేల్చప్పా, పొద్దు పోతాంది. నీకు బరువే గదా కావాల్సింది? మేముండాము గదా. ఈ వారం మేము, వచ్చే వారం ఇంకొకరు" అంది.

ఆయన వ్యాపారి దగ్గరికి తిరిగి వచ్చినాడు. "పొద్దు మునిగేలోపల పెనుకొండకు తిరిగి రాలేని లోడు నేను ఎక్కించను. ఆ మద్రాసు లోడు ఇంకెవరికైనా ఇయ్యన్నా" అన్నాడు. వ్యాపారితో అన్నాడు గానీ, కొంచెం గట్టిగా అన్నాడు.

వ్యాపారికి అర్థం కాలేదు. "అట్లయితే నీకు డబల్ టైరు ఎందుకప్పా? చిన్నది తీసుకో, చాలు."

"చిన్నదాంట్లో మా మామ పట్టడు."

వెనక నుంచి వచ్చిన నవ్వుకు గోడౌనులో మూటలు మోసేవాళ్లు కూడా బయటికి వచ్చినారు. అందరికంటే గట్టిగా నవ్వింది మా నాయనే. ఆయన నవ్వితే బండి ఊగింది. మా ఆయన తాళం జేబులో వేసుకున్నాడు.

ఆ మాట ఆయన నిలబెట్టుకున్నాడు. దూరం పోయింది ఒక్కసారే, తిరుపతికి. అదీ వీధిలో వాళ్లందరినీ ఎక్కించుకొని, నన్నూ మా అత్తనూ క్యాబిన్లో కూర్చోబెట్టుకొని పోయినాడు. మిగతా రోజులన్నీ పొద్దు మునిగేలోపల బండి వీధి మలుపు తిరిగేది. ఏవి ఎక్కడ పెడతామో, ఏ డబ్బాలో ఏముందో ఆయనకు నాకంటే బాగా తెలిసిపోయింది. నేను బడి నుంచి ఆలస్యంగా వచ్చిన రోజు పొయ్యి మీద ఎసరు కాగుతూ ఉండేది.

మార్కెట్టుకు ముందు రోజు సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చొని, దావన పోయేవాళ్లను "రేపు బరువుకు వస్తావా?" అని అడిగేవాడు. మా వీధిలో అది మామూలు మాటయింది. హిందూపురంలో పని ఉన్నవాళ్లు, "రేపు నన్ను బరువుకు రాసుకో" అని చెప్పి పోయేవాళ్లు. బరువుకు వచ్చినవాళ్ల దగ్గర ఆయన చార్జీ తీసుకునేవాడు కాదు. వాళ్లు పని చేస్తున్నారు గదా అనేవాడు. మగ్గం మీద చీర అయిపోయి, కొత్త పడుగు ఎక్కించే లోపల ఖాళీ దొరికితే మా నాయన ధర్మవరం నుంచి వచ్చేవాడు. ఆయన వస్తే టైర్ల మీది చోటు ఖాళీ చేసి ఇచ్చేవాళ్లు. ఆయన కూర్చున్నాక మా ఆయన కిందికి వంగి కమాన్లు చూసి, "ఇంగ చాలు, ఎవరూ ఎక్కద్దండి" అనేవాడు. ఆ పక్కన ఉన్నవాళ్లు ప్రతిసారీ నవ్వేవాళ్లు. మా నాయన ప్రతిసారీ కోపం తెచ్చుకునేవాడు. ఆయన ముందు పోయినాడు. చాలా ఏళ్ల తర్వాత మా ఆయన పోయినాడు.

దావ వెడల్పయింది, గుంతలు లేవు. మల్బరీ వేసేవాళ్లు ఇంకా ఉన్నారు. గూళ్లను ప్లాస్టిక్ క్రేట్లలో సర్ది, మెత్తటి చిన్న బండ్లలో పంపిస్తారు, రైతు వెనక మోటారు సైకిల్ మీద పోతాడు. మా వీధిలో ఇప్పుడు ఎవరూ బరువుకు పోరు.